రంపం తరుగు

ఫోన్లో తెప్పించుకున్న రంపం బ్లేడ్ల ప్యాకెట్టు నిన్న ఇంటికొచ్చింది. ఆ ప్లాస్టిక్కు మూత విప్పడానికే ఇంకో బ్లేడు కావలసివచ్చింది. కిటికీ దగ్గర కూర్చుని పన్నెండూ ఒక్కొక్కటిగా వెలుగుకు పెట్టి చూస్తే నాలుగు పనికొచ్చేలా ఉన్నాయి, మిగతావాటిలో కొన్నిటికి పళ్ళు పక్కకు వాలాయి, కొన్నిటికి వెన్నే వంకర. గట్టిగా అడుగుదామంటే ఎదురుగా మనిషి లేడు. ఫోన్లో ఒక ధర వేసి, దానిమీద గీత కొట్టి, కింద ఇంకో ధర వేసి, నా తరఫు బేరం కూడా ఆ అమ్మేవాడే ఆడేసుకున్నాడు. కొట్టు గల ఇంట్లో పుట్టినదానికి ఇంతకంటే అవమానం ఏముంటుంది?

విజయనగరంలో మా నాన్నకు ఇనప సామాన్ల కొట్టుండేది. మేకులు, గడియలు, తాళాల మధ్య పెరిగినదాన్ని కనక, ధర వినగానే సంచీ సర్దుకుని రెండడుగులు వేయడం, మూడో అడుగుకు వెనక్కి పిలిపించుకోవడం నాకు అక్షరాలకన్నా ముందు వచ్చాయి. బొబ్బిలి కోడలినయ్యాక కూడా ఆ జబ్బు తగ్గలేదు. మా మావగారిది చెక్కలో చెక్క పొదిగే పని, వీణల మీదికి హంసలు, లతలు చేసి ఇచ్చేవారు. తెల్లటి అంకుడు పలకనూ నల్లటి ఇరుగుడు పలకనూ ఒకదానిమీదొకటి అంటించి, విల్లులా వంగిన చట్రానికి సన్నటి బ్లేడు బిగించి రెండింటినీ ఒకేసారి కోస్తే, తెల్ల పలకలో పడిన ఖాళీలో నల్ల హంస వచ్చి కూర్చుంటుంది. చెప్పడానికి ఇంతే.

పెళ్ళయిన ఏడాదే, వీణలు చేసే ఆయనొకరు ఒక హంస అడిగారు. మావగారు ఏళ్ళ తరబడి గుడ్డలో చుట్టి దాచుకున్న పాత ఇరుగుడు ముక్క ఒకటుంది, రెండు హంసలకు సరిపోతుంది, అలాంటిది మళ్ళీ దొరకదు. సరిగ్గా అప్పుడే బ్లేడ్లు అయిపోయాయి. మీ నాన్న కొట్లో వెంట్రుకంత సన్నవి తెమ్మన్నారాయన. నాన్న దగ్గర కొనడమంటే నాకు మహా చిరాకు. అయితే డబ్బులు పుచ్చుకోడు, లేకపోతే పంతానికి చెప్పిన ధరే తీసుకుంటాడు, రెండూ కొనడం కిందికి రావు. అందుకని సంతకు పోయాను. అక్కడ సన్నవైనా లావువైనా డజను ఒకటే ధర. అదే ధరకు ఇంకాస్త ఇనుము వస్తుంటే సన్నవి పుచ్చుకోవడానికి నేనేమైనా వెర్రిదాన్నా? లావువి తీసుకుని, పైగా ధర సగానికి దించి, ఊరేగింపులా ఇంటికొచ్చాను.

మావగారు వాటిని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏటమ్మా ఇవి, మానులు కొయ్యడానికా?" అన్నారు. నా మొహం చూసి, కొత్త కోడలు చిన్నబుచ్చుకుంటుందని, అందులోనే కాస్త సన్నగా ఉన్నది ఏరి బిగించారు. కోత పూర్తయింది, హంస తన ఖాళీలో కూర్చుంది, చుట్టూ మాత్రం కాలవ తవ్వినట్టు సందు. నన్ను పిలిచి ఆ సందులో గోరు పెట్టమన్నారు. గోరు హాయిగా దూరింది.

"మీ నాన్న బెల్లం దిమ్మ కొన్నా తరుగు తీయించుకుంటాడు కదా. ఈ రంపం తినేసిన తరుగు ఎవలిస్తారో సెప్పు."

బ్లేడు ఎంత లావైతే చెక్క అంత తరిగిపోతుందని అప్పటికిగాని నాకు తట్టలేదు. రంపప్పొట్టు, జిగురు కలిపి సందు పూడ్చేద్దామన్నాను. మిరియాల్లో బొప్పాయి గింజలు కలిపేవాణ్ణి చూసినట్టు చూశారాయన. ఇక ఒక్క హంసకే చెక్క మిగిలింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం విజయనగరం బస్సెక్కాం. నాన్న నూనె కాగితంలో చుట్టిన కట్టలు రెండు తీసి ముందు పెట్టాడు. మావగారు ఒక్కో బ్లేడునూ వెలుగుకు పట్టి, బొటనవేలి గోటిమీద నెమ్మదిగా లాగి, వంచి వదిలి, రెండు డజన్లలో నాలుగే పక్కన పెట్టేసరికి నాన్నకు సహనం చచ్చిపోయింది.

"మంచివన్నీ నువ్వేరుకుపోతే మిగిలినవి ఎవలు కొంటారు బావా?"

"మీ అమ్మాయి ఉన్నాది కదా," అన్నారు మావగారు తలెత్తకుండానే. "సవకంటే సాలు, అదే కొంటాది."

కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను నాన్న చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చాను. ఆయన డబ్బులు చేతిలో పట్టుకుని కంగారుగా, "ఒంట్లో బాగున్నాదా నీకు?" అని అడిగాడు.

ఆ సాయంత్రం రెండో హంసను కోస్తున్నంతసేపూ గుమ్మంలోనే నిలబడ్డాను. అయ్యాక మావగారు మళ్ళీ గోరు పెట్టమన్నారు. ఎక్కడ పెట్టినా జారిపోయింది తప్ప దూరలేదు. ఆ హంస వీణ మీద వెళ్ళిపోయింది. సందున్న హంస నా దగ్గరే ఉండిపోయింది, తరువాత ఆయన పక్కన కూర్చుని ఆ పని నేర్చుకున్నన్నాళ్ళూ ఎదురుగా గోడమీద అదే ఉండేది.

ఇప్పుడు ఎలాంటి హంసనైనా మిషను సందు లేకుండా కోసిపెడుతోంది, కాదనను. నేనే చేతులు ఊరుకోక ఇంకా చిన్న పెట్టెలకు లతలు పొదుగుతున్నాను. కట్ట విప్పించి, నాలుగు ఏరుకుని, కొట్టువాణ్ణి విసిగించే భాగ్యం మాత్రం పోయింది. అంతా మూత వేసే వస్తోంది, ఏరుకోవడం ఇంటికొచ్చాకే. నిన్న నాలుగూ చట్రం పక్కన పెట్టుకుని, మిగిలిన ఎనిమిదీ సొరుగులో వేస్తుంటే నాన్న అడిగిన మాట గుర్తొచ్చింది. మిగిలినవి ఎవరు కొంటారా అని ఆయన పాపం బెంగపడ్డాడు. మావగారు సరిగ్గానే చెప్పారు, నేనే కొన్నాను. అదీ చవగ్గా కూడా కాదు.