సందులన్నీ పూడ్చిన అత్త

కూర మాడ్చిన అత్తలు ప్రతి వాడలో ఉంటారు. వెబ్ పేజీని మాడ్చిన అత్తను పోచంపల్లిలో నేనొక్కదాన్నే. కూర్చోండి, చెబుతాను.

మనవడు బడికి పోయే వయసులో నేను అక్షరాలు దిద్దాను. దిద్దించింది మా కోడలు సరిత. చదువు కొత్త కదా, మందు డబ్బా మొదలు బస్సు బోర్డు దాకా దేన్నీ వదిలేదాన్ని కాదు. అప్పుడే సరిత మా వాడ చీరలకు వెబ్ పేజీ తయారు చేసింది. పాలమూరులో బట్టల దుకాణం పెడుతున్న ఒకామె ఆ సాయంత్రం చూస్తానంది. నచ్చితే వాడంతటికీ పని. లేదంటే మగ్గాల మీద పిల్లులు పడుకోవడమే.

కంప్యూటర్‌లోకి తొంగి చూశాను. రాతల నడుమ అన్నీ ఖాళీలే.

"ఏందే గిన్ని సందులు? పోగులు తెగిన బట్ట లెక్కున్నది."

"గది టెంప్లేటు అత్తమ్మా. ఒక్కసారి రాస్తే చీర చీరకు పేరు, రంగు అదే నింపుకుంటది. గీ బ్రాకెట్ల పక్కన చిన్న గీత పెడితే ఆడున్న సందును మింగుతది. కొన్నిటికే పెట్టాలె."

ఆ మాట చెప్పి సరిత పిల్లవాణ్ణి తేవడానికి బడికి పోయింది. బుద్ధెరిగినప్పటి నుంచి నేస్తున్న చెయ్యి నాది, సందు చూసి ఊరుకుంటుందా? ప్రతి బ్రాకెట్‌కు రెండు వైపులా గీత పెట్టి, పేజీని అందరికీ కనబడేలా పంపడానికి ఆమె రోజూ నొక్కే బటన్ నొక్కాను.

సరిత వచ్చి పేజీ తెరిచింది. మొహం రంగు వేయని నూలైంది. "ఎర్రకొంగుపచ్చఅంచునీలంచీరపసుపుకొంగుఏనుగులఅంచు..." చీరలన్నీ ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. చదివినాక కాకరకాయ కీకరకాయ అవుతుందంటారు. నేను తోటలోని కాయలన్నీ కలిపి ఒక్కటే కాయ చేశాను.

"గిదేంది అత్తమ్మా?"

"సందులు పూడ్చిన. మొగ్గం మీద గిట్ల నేస్తే మీ మామ సంబురపడతడు."

"మరి మామయ్య కొంటడా గివన్ని?"

అంతలో ఫోన్ మోగింది. పాలమూరు ఆమె.

"పేజీ చూసినమ్మా. గన్ని రంగులు, గా ఏనుగులు ఒక్క చీరల ఎట్ల పట్టిచ్చిండ్రు? నేనెక్కడ సూడలే. మాకు గదే కావాలె. ఎవరు నేస్తరు?"

సరిత నావైపు చూసింది. ఆ చూపు నాకిప్పటికీ కలలోకి వస్తుంది.

"మా అత్తమ్మ నేస్తది" అంది.

మా పనిలో నూలుకు ముడి వేసిన చోట రంగు అంటదు. ఆ ఖాళీయే డిజైను అవుతుంది. బతుకంతా ఖాళీలు కట్టినదాన్ని, కంప్యూటర్‌లో మాత్రం పూడ్చాను. ఆ ఒక్క చీరకు ముడులు కట్టీ కట్టీ వేళ్లు వంకర్లు పోయాయి.

మగ్గం సాక్షిగా ఒట్టు. ఇక ఖాళీ కనబడితే దండం పెట్టి పక్కకు జరుగుతాను. మొన్న అన్నం దగ్గర సరిత, "కంచం ఖాళీగున్నది, ఇంత పెట్టాల్నా అత్తమ్మా?" అంది.

"ఉండనీయే," అన్నాను. "దాని పని దానికుంటది."