జిప్సమూ గుంటకా

మా ఉరవకొండ పక్కన వేరుశనగ పూతకు రాగానే జిప్సం చల్లి, అదే రోజు కలుపు తెగి నేల గుల్లబారేలా ఎద్దులతో గుంటక తోలతాం. ఒకటి చేసి రెండోది మానేసినవాళ్లు మా ఊళ్లో లేరు. ఎందుకని ఎవరమూ అడగలేదు. నా మనవరాలు అడిగింది. అడిగి ఆ చిక్కులో తనే ఇరుక్కుంది.

ఆమె పైచదువు పంట దిగుబడి లెక్కల మీద. ఎవరు ఎంత జిప్సం వేశారో, గుంటక ఎంత లోతుగా తోలారో ఊరంతా తిరిగి రాసుకొచ్చింది. కంప్యూటర్లో పెడితే జిప్సం వల్ల కాయలు తగ్గాయని వచ్చింది. ఒక రైతు లెక్క తీసేస్తే అదే జిప్సం బంగారమైంది.

"నీ యంత్రానికి కల్లు తాపినావా ఏమే?" అన్నాను.

"రెండూ జంటగా నడుస్తాండాయి అవ్వా. జిప్సం ఎక్కువేసినోళ్లే గుంటకా గట్టిగా తోలినారు. కాపు దేని పుణ్యమో విడదీయలేకుండా ఉండాది. పైగా కాపు పెరిగేది తిన్నని గీత గాదు. కొంతదాకా పెరిగి ఆడ నిలబడిపోతాది. ఆ వంపులో చిక్కు ఇంకా బిగుసుకుంటాది."

"ఒకటి తీసేయ్, పీడాపోతాది."

"మా సారూ అదే అన్నాడు. తీసేస్తే మిగిలినదానికే రెండిటి పేరూ వస్తాది. అది అబద్ధం గదా?"

నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, ఆ లెక్కలు నాకెక్కవు. అబద్ధం రాయలేక ఆమె చదువు ఆగిపోతుందని మాత్రం అర్థమైంది. విడదీయాలంటే రెండూ విడివిడిగా చేసిన చేను కావాలంది. మాది ఇచ్చాను. సగానికి జిప్సం ఒక్కటే, సగానికి గుంటక ఒక్కటే.

పక్క చేను రైతు గట్టు మీద ఆగాడు. "ఏమక్కా, చేనుకు సగం గుండు కొట్టించినావే! ఏ దేవునికి మొక్కు?"

"నీ నోరు మూతపడాలని మొక్కినాలే, పోప్పా."

పైకి అన్నాను గానీ లోపల భయమే. మాకున్నది ఆ చేనొక్కటే. గుంటక తగలని సగంలో కలుపు మోకాలికొచ్చింది. పూత ఊడలై కాయ కట్టను నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. నేల బిగుసుకుపోయింది. పీకి చూస్తే రెండు సగాల్లోనూ తాలు కాయలే.

ఆమె గట్టున కూలబడింది. "ఇంగ రెండిట్నీ కలిపి ఒకే పనిగా రాస్తా అవ్వా. దేని వంతు ఎంతో ఈ లెక్కలతో తేలదని కూడా రాస్తా."

"ఆ మాట ముందే రాసింటే చేనన్నా మిగిలేది గదే."

"వాన పడింటే తేలిపోయేది గదా."

నిజమే. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు నాకు. "మల్లా వచ్చే ఏడు అడుగుతావా?" అన్నాను. అడుగుతుంది, నాకు తెలుసు. ఇస్తానో లేదో నాకే తెలియదు.

పశువులకన్నా పనికొస్తాయని ఎండిన చెట్లు పీకడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆమె కూడా అవతలి సగం నుంచి పీకుతూ వచ్చింది.