జవాబు వచ్చేదాకా ఆగే పాట

లక్ష్ముడి పాట వినాలంటే ఓపికుండాలి. ఒక చరణం అందుకుంటాడు, కళ్లు మూసుకుంటాడు, ఇక అంతే. ఎదుటివాళ్లు ‘హైలెస్సా’ అనేదాకా బ్రహ్మదేవుడు దిగివచ్చి బతిమాలినా రెండో చరణం రాదు. అది పొగరు కాదు, అలవాటు. గోపాలపూర్ అవతలి ఇసుకలో ముప్పై ఏళ్లు అలివివల లాగించిన గొంతు అది.

ఆ వల ఒకరిద్దరు విసిరేది కాదు. పడవలో తీసుకెళ్లి సముద్రంలో పెద్ద చుట్టు తిప్పి, రెండు చివర్ల తాళ్లూ ఒడ్డుకు చేరిస్తే, ఊరు ఊరంతా రెండు వరసల్లో నిలబడి లాగాలి. లక్ష్ముడు తాడు ముట్టుకోడు. ముందు నిలబడి పాడతాడు. జనం జవాబు చెబుతూ ఒక్క గుంజు గుంజుతారు. జవాబు రాకముందే పాట ముందుకు పోయిందా, ఒక వరస లాగుతుంది, రెండో వరస ఊపిరి తీసుకుంటుంది, వల ఒరుగుతుంది, చేపలు తమ దారిన తాము పోతాయి. అందుకే పాటగాడు ఆగాలి. వల ఒడ్డెక్కాక అందరితోపాటు అతనికీ ఒక వాటా. తాడు పట్టని మనిషికి వాటా ఏమిటని ఆ పల్లెలో ఎవరూ ఎన్నడూ అడగలేదు.

ఏం రోజులవి! తెల్లారేసరికి ఇసుక నిండా కవళ్ల చేపలు మెరుస్తుంటే ఆడవాళ్లు గంపలతో పరుగెత్తుకొచ్చేవారు. ఆ గోల, ఆ ఉప్పుగాలి తలచుకుంటే లక్ష్ముడికి ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. తర్వాత మోటారు పడవలొచ్చాయి. కుర్రాళ్లు చెన్నై బోట్లకీ కేరళ బోట్లకీ పోయారు. లాగే చేతులు లేక వల మూలపడింది. భార్య కాసమ్మ కూడా కాలం చేసింది.

పాట ఒక్కటే మిగిలింది. పాట కూడు పెడుతుందా? బరంపురం లంజిపల్లిలో ఓ అపార్టుమెంటు సెక్రటరీ గణపతిరావుగారు గేటు దగ్గర కాపలాకి రమ్మని కబురు పెట్టారు. మంచాయన. జీతమూ గదీ ఇస్తానన్నారు, దసరా దాకా చూస్తానన్నారు. కాని సముద్రం హోరు వినబడని చోట పడుకోవడమన్న ఊహకే లక్ష్ముడికి ముద్ద దిగేది కాదు.

ఆ సంగతి కోడలు సస్మిత కనిపెట్టింది. ఖల్లికోట పిల్ల, కాలేజీ మెట్లెక్కిన పిల్ల. మొగుడు ప్రేమ్ కేరళ బోటులో పని చేస్తాడు.

“మావా, నువ్వు పాడు, నేను వీడియో తీత్తాను. సూసే జనం పెరిగితే యూట్యూబోల్లు డబ్బులిత్తారు. కింద మన నంబరెడితే ప్రోగ్రాములకి పిలుత్తారు. సముద్రం కాడే బతకొచ్చు.”

“ఫోను మొకం సూసి పాడితే కూడెడతారేటే? ఏటీ సోద్యం!”

అన్నాడే గాని మర్నాడే గుండీలు పెట్టుకుని ఇసుకలో నిలబడ్డాడు. ‘తల్లి గంగమ్మ కొంగు సాపింది’ అని ఒక్క చరణం ఎత్తుకుని, కళ్లు మూసుకుని ఊరుకున్నాడు.

“తరవాత, మావా?”

“జవాబు రానీ.”

“ఎవులిత్తారు? ఇక్కడ నేనొక్కదాన్నే కదా!”

చేసేది లేక ఆ మౌనాలన్నీ కత్తిరించి, చరణాలకు చరణాలు అతికించి వీడియో పెట్టింది. రంభ ఊళ్లో ఉన్న ఆమె పిన్నమ్మలిద్దరు చూశారు. వాళ్లూ సగంలో వదిలేశారట. లక్ష్ముడు విన్నాడు. ముఖం ఎర్రబడిపోయింది.

“ఇది నా పాట కాదు. ఇలగ పాడితే తాడు జారిపోద్ది. కొయ్యకుండా ఎడితే ఎడు, నేపోతే మానీ. నేను లంజిపల్లి ఎల్లిపోతాను.”

“తాడెక్కడుంది మావా? అంతసేపు సప్పుడు నేకపోతే జనం ఏలితో తోసేత్తారు!”

ఇద్దరికీ మొండితనం సమానమే. చివరికి సస్మితే, ఏమైతే అయిందని, పాట మొత్తం ముక్క కొయ్యకుండా పెట్టి, కింద ‘జవాబు మీరే చెప్పండి’ అని రాసింది.

ఆ వీడియో చెన్నైలో ఓ బోటు మీద చేపలు ఏరుతున్న పింటు చూశాడు. అదే పల్లె కుర్రాడు. చిన్నప్పుడు తాడు కొస పట్టుకుని వేలాడినవాడే. మొదటి చరణం ఆగగానే వాడి నోరు దానంతట అదే తెరుచుకుంది. పక్కనున్న నలుగురూ కలిశారు. తమ జవాబును వీడియో తీసి పాట పక్కనే అతికించి పెట్టారు. అది చూసి కేరళ నుంచి ఇంకొకరు, అండమాన్ నుంచి ఇంకొకరు, రంభ సంతలో చేపల గంప ముందు కూర్చున్న ముసలమ్మ ఒకావిడ. సముద్రం ముఖమే చూడనివాళ్లు కూడా గొంతు కలిపారు. సస్మిత ఎక్కడ జనం పారిపోతారని భయపడిందో అక్కడే వచ్చి కూర్చున్నారు.

ఆ రాత్రి లక్ష్ముడు ఫోను చెవికి ఆనించుకుని ఒక్కో జవాబూ విన్నాడు. ఆ గొంతుల్లో కాసమ్మ లేదే అని కుమిలిపోయాడు కూడా.

తర్వాత సస్మిత పనిలో దిగింది. వారానికో నిండు పాట, మధ్యమధ్య చిన్న రీళ్లు, ఆదివారం సాయంత్రం లైవు. పాట నచ్చి నెలనెలా ఎంతో కొంత వేసేవాళ్లు తయారయ్యారు. గంగమ్మ పండక్కి వచ్చి పాడమని చెన్నై బోటువాళ్లు కబురు పెట్టారు. మొదటి డబ్బు వచ్చిన రోజున మాత్రం లక్ష్ముడు పేచీ పెట్టాడు.

“నాకొక్కడికే ఏటి? లాగినోల్ల వాటా ఏదీ?”

“అంతమందికి ఎలగ పంపుతాను మావా?”

“ఊల్లో ఉన్నోల్లనైనా పిలు.”

పాత వరసలో తాడు లాగిన జగ్గన్నా, మిగతా ముసలీముతకా లైవుకి ఇసుకలో నిలబడ్డారు. వంగని నడుములు వంచి, లేని తాడు లాగుతూ జవాబు చెప్పారు. వల లేదు, చేప లేదు. వాటాలు మాత్రం పూర్వంలాగే అక్కడే, ఒడ్డునే పంచుకున్నారు. జగ్గన్న తన వాటా కళ్లకద్దుకుంటే అందరికీ కళ్లు చెమర్చాయి.

దసరా ముందు గణపతిరావుగారు ఫోను చేశారు.

“ఏమయ్యా లక్ష్ముడూ, వస్తున్నావా? ఇంకొకరిని పెట్టుకోమంటావా?”

“పెట్టుకోండి బాబూ. నాకు పని దొరికింది.”

“ఈ వయసులోనా! ఏం పనయ్యా?”

“పాత పనే, బాబూ,” అన్నాడు లక్ష్ముడు. అని, ఇక ఆపుకోలేక చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.