దోసిట్లో పొగ

మల్కాజ్‌గిరి స్టేషన్ వెనకాల షెడ్డులో నా పాత కారు చూసే మెకానిక్‌ని నేను భాయ్ అనే పిలిచేవాణ్ణి. నాచేత ఇంజన్ స్టార్ట్ చేయించి, తను వెనక గొంతుక్కూర్చుని, సైలెన్సర్ పొగను దోసిట్లో పట్టి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. కళ్లు మూసుకునే చెప్పేవాడు: "ఆయిల్ తాగుతుంది సార్." ఇంజన్ విప్పితే అదే తేలేది.

కరోనా వచ్చి తగ్గాక కూడా ఆ అలవాటు మారలేదు. నిరుడు ఆయిల్ ఊరికే తగ్గిపోతోందని బండి తీసుకెళ్లాను. పొగ పట్టాడు, వాసన చూశాడు. "ఏం లేదు సార్, బండి మస్తుగుంది."

ఆయన భుజాల మీదుగా, ఆయిల్ మండితే వచ్చే నీలం పొగ లేస్తోంది.

"పొగ చూడు భాయ్," అన్నాను.

చూశాడు. మళ్లీ పొగ పట్టి, దోసిలి ముక్కుకి ఆనించుకుని గట్టిగా పీల్చాడు. తర్వాత ఆ చేతులు నా ముఖం ముందుకు చాచాడు. "జెర మీరు చూడుండ్రి సార్. వస్తుందా?"

మాడిన ఆయిల్ కంపు గుప్పుమంది. "వస్తోంది భాయ్."

"జరమొచ్చినప్పటి సంది నాకేం వస్తలేదు. ఇంట్ల కూర మాడినా తెలుస్తలేదు. షెడ్డుల ఎవ్వరికీ చెప్పలే."

ఇంజన్ విప్పాడు. పిస్టన్ల నెత్తిన కార్బన్ పెళ్లలు కట్టింది, రింగులు అతుక్కుపోయాయి. అన్నీ మార్చి, బండి ఇచ్చే రోజు దోసిలి ముందు నా ముక్కుకే పట్టాడు.

"ఆయిల్ వాసన లేదు భాయ్."

అప్పుడు తను చూసుకున్నాడు, కళ్లు మూసుకుని. "అవ్ సార్," అన్నాడు సంబరంగా, "నాక్కూడా వస్తలేదు."