తీయడానికి కావలసిన వేలిముద్ర

1983 ఆగస్టు 9, మంగళవారం. పొద్దున్నే చేపలమ్మే నూకాలమ్మత్త తట్ట లేకుండా మా గుమ్మంలో నిలబడింది. పిల్లలు పుట్టకుండా ప్రభుత్వాసుపత్రిలో తనకు వేసిన లూపు తీసేయమని అర్జీ రాసిపెట్టమంది. నాకు తెలిసిన మంచి మాటలన్నీ ఏరి రాశాను. తోడుగా వెళ్ళాను కూడా. నర్సు దాన్ని చదవనే లేదు.

"మీ ఆయన వేలిముద్ర ఏదమ్మా?"

"ఏసినప్పుడు ఆడ్ని అడిగినారేటి? రెండు నెల్లబట్టి రగతం ఆగడం నేదు తల్లీ!"

"వెయ్యడానికి అక్కర్లేదు. తియ్యడానికి కావాలి."

అత్త గోడ పట్టుకుని మెట్లు దిగింది. ఇదెక్కడి న్యాయమో తెలిసినవాళ్ళు చెప్పండి.

వేటకెళ్ళిన మామ పడవ రేపొస్తుందో, ఎల్లుండొస్తుందో తెలియదు. తెల్లవారేసరికి ఇంకుప్యాడు పట్టుకుని అత్తా నేనూ రేవులో కూర్చుంటాం.