టైపు మేడం సరిచూసిన వేళ్లు

మా టైపు మేడం పోయారు. మొన్న బుధవారం పొద్దున నేను కాఫీ కలుపుకుంటుంటే వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి, "అక్క పోయింది బిడ్డా, నువ్వు జర జల్ది రా" అన్నారు. మలక్‌పేటలో ఆటో ఎక్కి శాలిబండ చేరేసరికి ఆ సందులో చెప్పులు విడవడానికి చోటు లేదు. ఆమె దగ్గర టైపు నేర్చుకుని ఆఫీసుల్లో కుదురుకున్నవాళ్లు, వాళ్ల పిల్లలు, లక్క గాజులు చేసే ఆపా, చాయ్ హోటల్ ఆయన, అందరూ ఉన్నారు. మేడంకి పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. ఏడ్చేవాళ్లకు మాత్రం కొదవ లేదు.

ఆమె గురించి పత్రికల్లో ఎవరూ రాయరు. ఆమె చేసిన పని ఏమిటో ఆ సందులో చాలామందికి ఇప్పటికీ తెలియదు. నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను. అదీకాక ఆ పని వల్ల ఒకసారి నా బతుకు ఆగిపోబోయింది, మళ్లీ ఆ పని వల్లే నిలబడింది.

తొంభైల మొదట్లో నాన్నకు ఆంధ్ర నుంచి హైదరాబాదు సెక్రటేరియట్‌కు బదిలీ అయింది. అద్దె తక్కువని శాలిబండలో ఇల్లు తీసుకున్నాం. మా ఇంటికి రెండిళ్ల అవతల, దర్జీ కొట్టు పైన మేడం టైపు ఇన్‌స్టిట్యూట్. పది మిషన్లు ఒక్కసారిగా మోగుతుంటే మా అమ్మ మొదటి వారం తలకు గుడ్డ కట్టుకుని పడుకుంది. రెండో వారం నన్ను తీసుకెళ్లి చేర్పించింది. ఎలాగూ ఆ మోత తప్పదు, కనీసం పిల్లకు ఒక విద్య వస్తుందని ఆవిడ లెక్క.

నాకు చిన్నప్పుడు వచ్చిన ఒక జ్వరం తర్వాత చేతివేళ్లలో పట్టు తగ్గింది. అన్నం కలుపుకోగలను, రాయగలను, కానీ గట్టిగా దేన్నీ నొక్కలేను, పట్టుకోలేను. పెద్దయ్యాక ఇంకా తగ్గొచ్చని డాక్టరు అమ్మతో అన్న మాట నేను తలుపు చాటున విన్నాను. ఈ సంగతి మేడంకి మేం చెప్పలేదు. మొదటి రోజు నేను కొట్టిన కాగితం ఆమె వెలుతురులోకి ఎత్తి చూశారు. "ఏంది బిడ్డా, నీ అక్షరాలకు అన్నం పెడ్తలేవా? గిట్ల పాలిపోయినయ్!" అన్నారు. గది మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

ఆమెవి ఇనుప వేళ్లు. ఎడమచేతి చిటికెన వేలితో కూడా నాలుగు కార్బన్ కాపీల కిందదాకా అక్షరం దించేవారు. "మిషనుకు నొయ్యదు, కొట్టు" అనేది ఆమె ఊతపదం. నా చేతి సంగతి తెలిశాక మాత్రం ఆ మాట నాతో మళ్లీ అనలేదు. లోయర్ పరీక్ష రెండుసార్లు తప్పాను. మూడోసారి ఫీజు కట్టబోతే, వద్దని పక్కన కుర్చీ వేసి మిగతావాళ్ల కాగితాల్లో తప్పులు పట్టే పని అప్పగించారు. "నీ కండ్లు మంచిగున్నయ్. చేతుల ఫికర్ నాకొదిలెయ్" అన్నారు. జాలిపడ్డట్టు ఆమె ముఖం ఎప్పుడూ పెట్టలేదు. అందుకే రోజూ వెళ్లగలిగాను.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, టైపు మిషన్ల ముందు కుర్చీలు ఖాళీ అయ్యాయి. మేడం కూడా మూడు కంప్యూటర్లు పెట్టారు. వాటిలో విండోస్ దొంగ కాపీలు ఎక్కించడం ఆమెకు ఇష్టం లేదు. ఒక కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో, విండోస్‌కు బదులు ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోగల లినక్స్ దొరికింది. ఇంగ్లిషులో ఉన్న దాని సూచనలన్నీ అలవాటు కొద్దీ తప్పులు వెతుకుతూ చదివారు. దొరికిన అక్షరదోషాలు పట్టికగా కట్టి, లినక్స్ తయారుచేసేవాళ్లకు సైబర్ కేఫ్ నుంచి పంపారు. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో, జీతాలు లేకుండా ఆ పని చేసేవాళ్లు, ఈమెకు థాంక్స్ రాశారు. ఆ ఉత్తరం ప్రింటు తీసి గోడకు అంటించారు. యాభై దగ్గరపడుతున్న మనిషి, మాకంటే ఆత్రంగా నేర్చుకోవడం మొదలుపెట్టారు.

పాత శిష్యుడొకాయన తన ల్యాప్‌టాప్ ఆమెకు ఇచ్చాడు. దాని టచ్‌ప్యాడ్ మీద వేలు పెడితే బాణం గుర్తు గెంతేది. ఆమె ఫిర్యాదు మీద ఫిర్యాదు రాశారు. టచ్‌ప్యాడ్‌ను నడిపించే ప్రోగ్రాము రాసేవారు ఒకరు. దాని కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా తీసుకుని, ప్యాకేజీగా కట్టి, సరిచూసి, లినక్స్ వాడేవాళ్లందరికీ అందేలా పంపేవారు వేరొకరు. ఆ పంపే పని చూసుకునే ఆయన విసిగిపోయాడో, నిజంగానే తీరిక లేకపోయిందో, "ఇంత పట్టింపు ఉంటే మీరే తీసుకోండి" అని రాశాడు. మేడం తీసుకున్నారు! ఆరు నెలలు తంటాలుపడి నేర్చుకున్నారు. అలా శాలిబండలో దర్జీ కొట్టు పైనుంచి టచ్‌ప్యాడ్ ప్యాకేజీ ప్రపంచానికి వెళ్లడం మొదలైంది.

నాకూ ఒక పాత ల్యాప్‌టాప్ వెతికి, అందులో లినక్స్ పెట్టి ఇచ్చింది ఆమే. మౌసు పట్టుకుంటే నా చెయ్యి పది నిమిషాల్లో లాగేసేది. టచ్‌ప్యాడ్‌కు పట్టు అక్కర్లేదు, వేలు ఆనిస్తే చాలు. మొదటిసారి నా వేలికి ఒక యంత్రం మారాం చేయకుండా కదిలింది. మలక్‌పేటలో ఒక ప్రెస్సు ఆయన పెళ్లి కార్డులు, స్కూలు ప్రశ్నపత్రాలు కంప్యూటర్‌లో అమర్చి పేజీలు కట్టే పని ఇచ్చాడు. ముందు ఒక ప్రశ్నల పుస్తకం కట్టి చూపించమన్నాడు, బాగుంటే ఎప్పటికీ పని ఇస్తానన్నాడు. అప్పటికి నాన్న రిటైరవబోతున్నారు. ఆ పని నాకు ఎంత అవసరమో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు.

పుస్తకం సగంలో ఉండగా మేడం నా ల్యాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ ప్యాకేజీ కొత్త వెర్షన్ వేసి ఇచ్చారు. ఇంటికొచ్చి కూర్చుంటే బాణం కదల్లేదు. ఊపిరి బిగబట్టి నొక్కితే కాస్త కదిలి ఆగింది. మర్నాడూ అంతే. వేలు తుడిచి చూశాను, కాపడం పెట్టి చూశాను. తలుపు చాటున విన్న డాక్టరు మాట గుర్తొచ్చింది. అయిపోయింది, చెయ్యి ఇక పోతోంది అనుకున్నాను. యంత్రంలో తేడా ఉండొచ్చని నా బుర్రకు తట్టనే లేదు. తప్పు ఎప్పుడూ నా వేళ్లదే కదా, చిన్నప్పటినుంచీ! ఇంట్లో చెప్పకుండా నాలుగు రోజులు స్నానాలగదిలో ఏడ్చాను. ఐదోరోజు మధ్యాహ్నం ల్యాప్‌టాప్ తీసుకెళ్లి మేడం బల్ల మీద పెట్టాను.

"ఇంకెవరికైనా ఇవ్వండి మేడం. నావల్ల కాదు. ప్రెస్సు ఆయనకు కూడా చెప్పేస్తాను."

"ఏమైంది?"

"చెయ్యి పనిచేయట్లేదు."

ఆమె ల్యాప్‌టాప్ తెరిచి నన్ను వేలు పెట్టమన్నారు. బాణం కదల్లేదు. తను పెట్టారు. చక్కగా పరుగెత్తింది. మళ్లీ నన్ను పెట్టమన్నారు. తర్వాత నా వేలి వంక, తన వేలి వంక మార్చి మార్చి చూశారు. ఆమె ముఖం అలా వాడిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"తప్పు నాది బిడ్డా. నీ చేతిది గాదు" అన్నారు.

జరిగింది ఇదీ. టైపు కొడుతుంటే అరచెయ్యి తగిలి బాణం గెంతుతోందని ఇన్‌స్టిట్యూట్‌లో అందరూ గోలపెట్టేవారు. కొత్త వెర్షన్‌లో దానికి మందు ఉంది: ఇంత గట్టిగా ఆనితేనే వేలు, లేకపోతే పట్టించుకోవద్దు అని ప్రోగ్రాము రాసే ఆయన ఒక హద్దు పెంచాడు. మేడం దాన్ని తన దగ్గరున్న పదిమంది చేతా పరీక్ష చేయించారు. అందరికీ భేషుగ్గా పనిచేసింది. ఆ పదిమందీ ఏళ్ల తరబడి టైపు మిషను బాదినవాళ్లే.

"నా దగ్గరున్నయన్నీ మిషను మీద పెరిగిన వేళ్లు. మెత్తటి వేలు ఒక్కటి లేకపాయె. నిన్ను పిలవాలన్న సోయి రాలే" అన్నారు.

"అయితే నా చెయ్యి బాగానే ఉందా మేడం?" అని అడిగాను. నాకు అదొక్కటే కావాలి.

"మంచిగుంది. ఎప్పటి లెక్కనే ఉంది" అని నా చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకున్నారు. అప్పుడు ఏడ్చాను, ఆమె ముందు, సిగ్గులేకుండా. ఆమె పాత వెర్షన్ మళ్లీ ఎక్కించి, ప్రెస్సు ఆయనకు తనే ఫోన్ చేసి నాలుగు రోజులు గడువు అడిగారు. పుస్తకం పూర్తిచేశాను. ఆ పనే ఈరోజుకీ చేస్తున్నాను.

మేడం అక్కడితో ఆగలేదు. పంపిన ప్యాకేజీని వెనక్కి తీసుకుని, "టైపిస్టుల చేత మాత్రమే పరీక్ష చేయించాను, పొరపాటు నాది" అని అందరూ చదివే చోట రాశారు. ప్రోగ్రాము రాసే ఆయన మర్యాదగానే ఒప్పుకోలేదు. అంత మెత్తగా తాకేవాళ్లు కొద్దిమందే ఉంటారు, కావాలంటే వాళ్లే ఆ హద్దు అంకె మార్చుకోవచ్చు, ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు కూడా చేయలేదు కదా అన్నాడు. ఆ జవాబు చదివి మేడంకి కోపం నషాళానికి అంటింది.

"అంకె ఉన్నదని ఎవరికెరుక? ఈ పిల్లకు ఎరుకయిందా? ఫిర్యాదెట్ల చేస్తది, చెయ్యి పోయిందని ఏడ్చుకుంట కూసుంటే!" అన్నారు. ఆ మాటే కాస్త పద్ధతైన ఇంగ్లిషులో పెట్టి ఆయనకు పంపారు.

తర్వాత సందులోకి దిగి వేళ్లు పోగుచేశారు. గాజుల ఆపా లక్క వేడికి గట్టిపడిన వేళ్లతో వచ్చింది. "అంగూఠా కైకు టీచరమ్మా? రేషన్ కా హై క్యా?" అని అడిగింది పాపం, వేలిముద్ర అడుగుతున్నారనుకుని. "రేషన్ నక్కో ఆపా, ఉంగ్లీ రఖో బస్" అన్నారు మేడం, ఊరికే వేలు పెడితే చాలని. చాయ్ హోటల్ ఆయన తడి వేళ్లు, దర్జీ సూది గుచ్చుకున్న వేళ్లు, మా అమ్మ పసుపు వేళ్లు, ఆఖరున నావి. ఎవరి వేలికి టచ్‌ప్యాడ్ ఎంత ఒత్తిడి చూపించిందో, ఎంత వెడల్పు చూపించిందో రాసుకున్నారు. "అరచెయ్యి వెడల్పు, వేలు సన్నం. గా మాత్రం తేడా మిషనుకు నేర్పలేమా?" అని నన్నే అడిగారు, నాకేదో తెలిసినట్టు. ఆ పట్టిక చూశాక అవతలి ఆయన మెత్తబడ్డాడు. ఒత్తిడి ఒక్కటే కాకుండా వెడల్పు కూడా చూసేలా ప్రోగ్రాము మార్చాడు. గెంతడమూ పోయింది, నా వేలికి బాణమూ కదిలింది. "నీ వేలు పడ్డది బిడ్డా" అన్నారు మేడం.

అప్పటినుంచి కొత్త వెర్షన్ వస్తే చాలు, మధ్యాహ్నం పూట ఇన్‌స్టిట్యూట్‌లో వేళ్ల పేరంటం. ఆ పేరు నేను పెట్టిందే, మేడంకి నచ్చలేదు కానీ వచ్చినవాళ్లందరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తనే తెప్పించేవారు. నా వేలు ఎప్పుడూ ఆఖరు. అది పడకపోతే ప్యాకేజీ గడప దాటేది కాదు. ఒకసారి నాకు జ్వరం వస్తే వారం రోజులు ఆపేశారు. ఎక్కడో దేశంకాని దేశంలో ఎవరో తొందరపెడుతూ రాస్తే, "మా పిల్లకు జ్వరం" అని జవాబిచ్చారు. ఆ సంగతి తెలిసి నేను నవ్వి నవ్వి, దుప్పటి కప్పుకుని కాసేపు ఏడ్చాను.

పోయిన ఏడాది చివర్లో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి చచ్చుబడి, కొన్ని నెలలకు వేళ్లు మాత్రం కొద్దిగా కదిలాయి. చూడడానికి వచ్చినవాళ్లతో ఎక్కువ మాట్లాడేవారు కాదు. ప్యాకేజీ పని ఇంకెవరికో అప్పజెప్పానని మాత్రం నాతో అన్నారు. పోవడానికి మూడు వారాల ముందు వెళ్లినప్పుడు ఆమె మంచం పక్కనే కూర్చుని ఒక పెళ్లి కార్డు కడుతున్నాను. చాలాసేపు నా వేళ్లనే చూస్తున్నారు.

"నేను పెట్టి చూడనా? నా వేలు పడ్తదంటవా?" అన్నారు.

ల్యాప్‌టాప్ మంచం మీద పెట్టి, ఆమె చెయ్యి ఎత్తి చూపుడువేలు టచ్‌ప్యాడ్ మీద ఆనించాను. ఆ ఇనుప వేలు నా వేలికంటే తేలిగ్గా ఉంది. బాణం కదిలింది. ఆమె కళ్లు దాని వెంటే వెళ్లాయి. వధువు పేరు మీదుగా, వరుడి పేరు మీదుగా, కార్డు అంచుదాకా పోయి వెనక్కి వచ్చింది. దేన్నీ నొక్కలేదు, దేన్నీ తెరవలేదు. కార్డు ఆ సాయంత్రానికి ప్రెస్సుకు పంపాలి. ఆ మాట నేను ఆమెతో అనలేదు. పక్కన కూర్చుని, ఆమె వేలి కింద బాణం తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతుంటే చూస్తూ ఉన్నాను.