గీతలన్నీ ఆయమ్మ దగ్గరికే

నిజామాబాద్‌లో మా ఆసుపత్రిలో పదకొండేళ్లు ఒకే వార్డుకు ఇన్‌ఛార్జి సిస్టర్‌గా చేశాను. పోయినేడు ఆఫీసుకు మార్చారు. కొన్నాళ్లకు పెద్ద డాక్టరు పిలిచి, "పది రోజులు పాత వార్డుల కూసోండి సిస్టర్. ఎవరికి ఏం కావాలన్నా ఎవర్ని అడుగుతున్నరో రాయండి. పని యాడ ఆగుతుందో తెలవాలె" అన్నాడు.

తెల్లకాగితం మీద డాక్టర్లకు, నర్సులకు, ల్యాబుకు, మందుల కౌంటరుకు తలా ఒక సున్నా చుట్టాను. ఒకరు ఇంకొకరిని అడిగినప్పుడల్లా ఒక గీత. నాకూ ఒక సున్నా చుట్టుకున్నాను. పాత ఇన్‌ఛార్జిని, నన్నడగకుండా ఎలా ఉంటారు? వార్డు ఊడ్చి తుడిచే ఆయమ్మకు మాత్రం మూలన చిన్నది పెట్టాను.

మూడో రోజుకల్లా ఆ మూల గీతలతో నల్లబడిపోయింది. రాత్రి ఎవరు నిద్రపోలేదో డాక్టరు ఆయమ్మనే అడుగుతాడు. ఎవరు మందు ఉమ్మేశారో నర్సులు ఆయమ్మనే అడుగుతారు. బోధన్ అవతలి నుంచి వచ్చే మరాఠీ పేషెంట్లకు ఆమె తప్ప దిక్కు లేదు. "జేవలా కా బాబా?" అని, తిన్నావా తాతా అని ఆమె వాళ్ల భాషలో అడిగితే, తిన్నదీ తిననిదీ ముసలివాళ్లు పసిపిల్లల్లా చెప్పేస్తారు. పదకొండేళ్లలో నాకు నాలుగు మరాఠీ ముక్కలు రాలేదు. ఇక నా సున్నా దగ్గరికి వచ్చింది ఒకే ఒక్క గీత: కొత్త నర్సు కుర్చీ కాస్త జరపమని అడిగింది.

చదువుకున్నది నేను, వార్డును నిలబెట్టింది నేను, పేరు చీపురు పట్టిన మనిషికా?

మధ్యాహ్నం రెండింటికి నర్సుల డ్యూటీ మారుతుంది. అప్పుడు ఆయమ్మ ఒక్కో మంచం దగ్గర ఆగి, ఎవరు తిన్నారో ఎవరు తినలేదో డ్యూటీకి వచ్చిన నర్సుకు చెప్పేది. నాలుగో రోజు ఆమె నోరు తెరవబోతుంటే అడ్డుపడ్డాను.

"గిది నర్సుల పని ఆయమ్మా. నువ్వు బయట చూసుకో."

ఆమె బకెట్ తీసుకొని వెళ్లిపోయింది.

అరగంటలో ఆరో మంచం మీది చెరకు రైతుకు ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు. ఎండవేడి అనుకుంది నర్సు. ఎవరు చెప్పారో, ఆయమ్మ తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"తినలే సిస్టర్! పళ్లెం పెండ్లానికి ఇచ్చిండు!"

ఖాళీ పళ్లెం చూసి పొద్దుటి నర్సు 'తిన్నాడు' అని రాసిపెట్టింది. అన్నం ముందు ఇచ్చిన ఇన్సులిన్ మాత్రం తన పని తాను చేసుకుపోయి షుగర్‌ను పడేసింది. గ్లూకోజ్ ఎక్కించాక గానీ మనిషి కళ్లు తెరవలేదు.

సాయంత్రం పెద్ద డాక్టరు అందరినీ నిలబెట్టాడు. "రోజూ ఆయమ్మ చెప్తది సార్, ఇయ్యాల చెప్పలే" అంది నర్సు. ఆయన ఆయమ్మ వైపు తిరిగి, "రేపట్నుంచి రాకు" అన్నాడు.

ఆయమ్మ ఒక్కసారి నా వైపు చూసి తల దించుకుంది. నేను పంపానని చెప్పలేదు. ఆమె చోట నేనైతే ముందు ఆ మాటే చెప్పేదాన్ని. దానికీ కుళ్లుకున్నాను. నోరు మూసుకుంటే చాలు, రేపటి నుంచి కాగితంలో ఆ మూల ఖాళీ. ఆ ఆలోచన వచ్చింది, కాసేపు ఉంది కూడా.

"నేనే బయటికి పంపిన సార్" అన్నాను చివరికి. తర్వాత ఆయన నన్నన్న మాటలు ఇక్కడ రాయను. ఆయమ్మను మాత్రం ఎప్పటిలాగే రమ్మన్నాడు.

మరునాడు రెండింటికి ఆయమ్మ గుమ్మం బయటే నిలబడింది. "లోపలికి రా ఆయమ్మా" అన్నాను. వచ్చి, మంచం మంచం దగ్గరా ఆగి ఎప్పటిలాగే చెప్పింది. ఆరో మంచమాయన తిన్నాడట. ఆఖరుకు నా కుర్చీ దగ్గర ఆగింది.

"మరి మీరు తిన్నరా సిస్టర్? నిన్నటి సంది టిఫిన్ డబ్బ మూత తీయలే."

ఈ అయిదు రోజుల్లో ఆ వార్డులో నన్నడిగిన రెండో ప్రశ్న అది. కాగితం ఒళ్లోనే ఉంది, పెన్ను చేతిలోనే ఉంది. గీత గీయడానికి చెయ్యి రాలేదు.